'శాంతం' అనే మాట: విమర్శలో వాడుక

ఈ భాగంలో 'శాంతం' అనే మాటను సాహిత్య విమర్శలో ఎలా వాడాలో చూద్దాం. పాత్ర కోపం లేకుండా మాట్లాడింది కాబట్టి అది శాంతరసమని విద్యార్థులు తరచుగా రాస్తుంటారు. ఈ తొందర పనికిరాదు.

'శమ్' ధాతువుకు అణగడం, చల్లారడం అని అర్థం. శమం, శాంతి, ఉపశమనం దాని నుంచి వచ్చినవే. గాలివాన శాంతించింది అంటాం. ఎన్నడూ పొంగని చెరువు శాంతించిందని ఎవరూ అనరు. అంతకు ముందు ఏదో చెలరేగిందన్న సూచన ఈ మాటలోనే ఉంది. అందువల్ల మీరు మొదట వేసుకోవలసిన ప్రశ్న: ఇక్కడ అణగినది ఏమిటి?

తిక్కన ఉద్యోగపర్వం తీసుకోండి. రాయబారానికి బయలుదేరుతున్న కృష్ణుడితో భీముడు కూడా సంధి మాటలే చెబుతాడు. భీముడి నోట ఇంత మెత్తని మాటలా అని కృష్ణుడు ఎత్తిపొడుస్తాడు. భీముడు భగ్గుమంటాడు. ఒక్క ఎత్తిపొడుపుకే లేచిన కోపం అణగిందని ఎలా అనగలం? నివురుగప్పి ఉంది, అంతే. ఆ మెత్తదనానికి శాంతరసమని పేరు పెడితే కృష్ణుడి మాటల్లోని చమత్కారం మనకు అందదు.

శాంతిపర్వం ఇంతకన్నా చిక్కైనది (పేరు చూసి మోసపోకండి). కర్ణుడు తన అన్న అని తెలిసి కుమిలిపోతున్న ధర్మరాజు, గెలిచిన రాజ్యం వదిలి అడవికి పోతానంటాడు. మమ్మటుడు శాంతానికి నిర్వేదాన్ని స్థాయిభావంగా చెప్పాడు కదా, మరి ఇది శాంతం కాదా అని మీరు అడగవచ్చు. ఆ నిర్వేదం దేని నుంచి పుట్టిందో చూడాలి. అభినవగుప్తుడు శాంతానికి తత్త్వజ్ఞానాన్నే స్థాయిగా తీసుకున్నాడు. ధర్మరాజు నిర్వేదం శోకం నుంచి పుట్టింది. రాజ్యం మీద కోరిక అణగింది కానీ దుఃఖం అణగలేదు. నా దృష్టిలో అక్కడ ప్రధానం కరుణమే. భీష్ముడు అంత సుదీర్ఘంగా బోధించవలసి వచ్చింది కూడా అందుకే.

ఆనందవర్ధనుడు మాత్రం భారతమంతటికీ శాంతమే ప్రధానరసం అన్నాడు. ఆయన ఏ ఒక్క పాత్ర నెమ్మదినో చూసి ఆ మాట అనలేదు. వృష్ణులు, పాండవులు చివరికి ఏమయ్యారో చూశాడు. గెలిచినవారికి కూడా గెలుపు మిగలని ఆ ముగింపు చదువరిలో వైరాగ్యం పుట్టిస్తుందని ఆయన వాదం. మౌసల, మహాప్రస్థానిక పర్వాలను తిక్కన తెలుగులో పై ప్రశ్నతోనే ఒకసారి చదివి చూడండి.