మూసీకి ఇరువైపులా: 'కాశీయాత్ర చరిత్ర'లో షహరు, దండు

ఏనుగుల వీరాస్వామయ్య రచించిన 'కాశీయాత్ర చరిత్ర' (1838) తెలుగు పరిశోధనలో ప్రధానంగా రెండు విధాల వినియోగంలో ఉంది: ఆధునిక వచనానికి తొలి నిదర్శనంగా, పంతొమ్మిదో శతాబ్ది సాంఘిక చరిత్రకు ఆకరంగా. మొదటి వినియోగం నిర్వివాదం. రెండవది మాత్రం పునఃపరిశీలన కోరుతుంది. రచయిత మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషి. ఇంగ్లీషువారి తొలి స్థావరాల్లో ఒకటైన చెన్నపట్టణంలో అలవడిన దృష్టితోనే ఆయన పరప్రాంతాలను చూశాడు. ఆ దృష్టి నెలవును గుర్తించకుండా అది చూపినదంతా చరిత్రగా స్వీకరించడం సమంజసం కాదు.

1830 మే 18న మొదలై 1831 సెప్టెంబరు 3న ముగిసిన ఈ యాత్రలో హైదరాబాదు ఘట్టం ఇందుకు తగిన ఉదాహరణ. దారి, నీరు, దినుసులు, బస, భయం - ఇవి వీరాస్వామయ్య కొలతలు. పెద్ద పరివారంతో సాగే యాత్రికునికి అవి న్యాయమైనవే. అయితే ఆ కొలతలకు సికిందరాబాదు దండు సుఖస్థలంగాను, ఆయుధధారులు సంచరించే షహరు శంకాస్థలంగాను కనిపిస్తాయి. మూసీ రెండు లోకాలకు ఎల్ల అన్న భావన పాఠకునిలో మిగులుతుంది.

చారిత్రక వాస్తవం ఆ ఎల్లను అంగీకరించదు. 1798 ఒప్పందం ప్రకారం వచ్చిన కుంఫిణీ సైన్యానికి ఖర్చు పెట్టుకున్నది నిజాం ప్రభుత్వమే. 1806లో దండుకు స్థిరపడిన పేరు సికందర్ జాది. కోఠీ రెసిడెన్సీని కట్టించిన కిర్క్‌పాట్రిక్ ఖైరున్నిసాను ముస్లిం సంప్రదాయం ప్రకారం వివాహమాడాడు. ఆమె రంగమహలు ఆ ఆవరణలోనే వెలిసింది. పామర్ కంపెనీ నిజాం సర్కారుకు భారీగా అప్పులిచ్చి, వీరాస్వామయ్య రాకకు ఆరేళ్ల ముందు, 1824లో దివాలా తీసింది. నదికి దక్షిణాన బహదూర్‌పురాలో ఇరవైయొక్క కమానుల కట్టతో నిలిచిన మీరాలం చెరువు ఇంకా స్పష్టమైన సాక్ష్యం. దాని పేరులోని మీర్ ఆలం 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో ఇంగ్లీషువారి పక్షాన నిజాం సేనను నడిపినవాడు, తర్వాత దివాను. షహరుకు తాగునీరిచ్చిన ఆ చెరువు ఆ మైత్రీకాలపు నిర్మాణమే. అప్పు, మతం, వివాహం, నీరు అన్నీ నదిని దాటాయి.

అంతమాత్రాన వీరాస్వామయ్యను కుంఫిణీ స్తోత్రపాఠకునిగా తేల్చడం తొందరపాటు. ఆయన తీర్పు నదికి ఇవతల ఆగినా, ఆయన భాష ఆగలేదు. షహరు, ముసాఫరు, దండు, కుంఫిణీ వంటి మాటలు సంస్కృత పదాల పక్కనే, ఏ సంజాయిషీ లేకుండా, ఒకే తెలుగు వాక్యంలో ఒదుగుతాయి. శిష్టవ్యావహారికానికి తొలి రూపమని విమర్శకులు మెచ్చిన ఈ వచనం కేవలం శైలీవిశేషం కాదు; సర్కారు, కోర్టు, బజారు, దేవాలయం ఒకరినొకరు ఆశ్రయించి బతికిన స్థావర సమాజపు ముద్ర. రచయిత విడదీసి చూసినదాన్ని ఆయన పదజాలం కలిపి చూపుతుంది.

కనుక ఈ గ్రంథాన్ని ఆకరంగా గ్రహించే పరిశోధకుడు రచయిత తీర్పులను, ఆయన మాటలను వేరువేరుగా తూచాలి. తీర్పులు చెన్నపట్టణపు ఉద్యోగివి. మాటలు మాత్రం ఆ కాలానివి.