కరువు పని, మూసిన తలుపు: క్లౌ దొరగారి గ్రంథములో విశ్వాసము, సేవ

1. పరిచయము

తెలుగు బాప్తిస్టు సంఘములలో పెరిగినవారికి 2222 అను సంఖ్య కొత్త కాదు. 1878 జూలై 3న ఒంగోలు సమీపమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున అంతమంది బాప్తిస్మము పొందిన సంగతిని మనము జూబిలీ సంచికలలో చదివాము, ప్రసంగములలో విన్నాము, మనమూ చెప్పాము. అయితే ఆ దినమునకు ముందు గడచిన సుమారు 15 నెలల కాలమును గూర్చి మన ప్రసంగములు సాధారణంగా మౌనము వహిస్తాయి. ఆ నెలలలో ఒంగోలు మిషను వేలమందికి పని చూపింది, కూలి ఇచ్చింది, అన్నము పెట్టింది. కాని ఎవరికిని బాప్తిస్మము ఇవ్వలేదు.

ఈ సంగతిని విపులముగా చెప్పే మూలగ్రంథము జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి ఆత్మకథయైన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. ఇది 1914లో న్యూయార్కులో వెలువడింది. విశ్వాసమునకును సేవకును గల సంబంధమును ఈ గ్రంథము ఏ విధముగా చూపుచున్నదో, ఎక్కడ దాని చూపు ఆగిపోవుచున్నదో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. సేవను బాప్తిస్మపు రిజిస్టరునకు దూరముగా ఉంచిన నిర్ణయము ఈ గ్రంథము మనకిచ్చిన గొప్ప సాక్ష్యము. కాని గ్రంథము దానిని ఒక మిషనరీ యొక్క వివేకముగా చిత్రించింది. దాని వెలను చెల్లించినవారు తెలుగు విశ్వాసులు, తెలుగు బోధకులు. ఈ రెండు మాటలను కలిపి చదివినప్పుడే ఒంగోలు చరిత్ర నేటి సంఘమునకు పాఠమవుతుంది.

2. గ్రంథము ఎవరి స్వరము?

విమర్శకుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇది. క్లౌ దొరగారు 1910లో మరణించారు. గ్రంథము ఆ తరువాత నాలుగు సంవత్సరములకు వచ్చింది. ఆయన పక్షమున దానిని వ్రాసినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అని గ్రంథపు మొదటి పుటయే తెలుపుచున్నది. కనుక ఇందులో 'నేను' అని పలికే స్వరము ఒక్కరిది కాదు, ఇద్దరిది. ఆమె తెలుగు దేశములో మిషనరీగా పనిచేసిన విదుషీమణి. 1899లోనే మాదిగ ప్రజల కథలను 'వైల్ సోయింగ్ సాండల్స్' అను గ్రంథముగా వెలువరించారు. అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమమునకు ప్రధాన వేదాంతిగా పేరొందిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె సోదరి. ఆయన 'క్రిస్టియానిటీ అండ్ ది సోషల్ క్రైసిస్' 1907లో వచ్చింది.

కావున 1914 నాటి గ్రంథమునకు 'సామాజిక క్రైస్తవ్యము' అను పేరు పెట్టుట యాదృచ్ఛికము కాదు. అమెరికా కర్మాగార నగరముల నుండి పుట్టిన ఆలోచనను 1870ల నాటి ఒంగోలు పల్లెలకు అన్వయించే ప్రయత్నము ఇందులో కనబడుతుంది. ఇది తప్పు కాదు. ఆ కళ్ళద్దముల వలననే, కేవలము బాప్తిస్మముల లెక్కగా మిగిలిపోవలసిన కథ గ్రామవ్యవస్థ, కులము, పాలెము, వెట్టి మొదలైన వాటి కథగా మారింది. అయితే అదే కళ్ళద్దములు సంఘమును సేవ పొందిన సమూహముగాను, మిషనరీని సేవ చేసినవానిగాను చూపుటకు మొగ్గుతాయి. పాఠకుడు ఈ మొగ్గును గుర్తించి చదువవలెను.

3. కాలువ పని: భిక్ష కాదు, కూలి

1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది మరణించారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనివారికి దినమునకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు కూలి చాలునని నిర్ణయించి, తరువాత తీవ్రమైన విమర్శకు గురియైనాడు. ఆ సందర్భములో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకొన్నారు. యౌవనమున అమెరికాలో చేసిన సర్వే పని ఆయనకు ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఈ ఘట్టమును గ్రంథము చెప్పిన తీరులో రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, ఇది ఉచిత దానము కాదు. మన్ను త్రవ్వినవాడు, గంప మోసినది తమ కష్టమునకు కూలి పుచ్చుకొన్నారు. ఆకలిగొన్నవాని గౌరవమును కాపాడిన సేవ అది. రెండవది, పనివారిపై మేస్త్రీలుగా నిలిచినవారు తెలుగు బోధకులే. అంతకు ముందు పది సంవత్సరములుగా పల్లెపల్లె తిరిగి వాక్యము చెప్పినవారే ఇప్పుడు కొలతలు చూచి, కూలి లెక్కలు సరిచేసి, అలసినవారి ప్రక్కన కూర్చుండి మాటలాడారు. లెక్కలలో న్యాయము లేనిచో ఆ మాటలకు విలువ ఉండేది కాదు. ఇక్కడ ప్రసంగమునకు కూలి లెక్కయే సాక్ష్యము. యాకోబు పత్రిక 2వ అధ్యాయములో విశ్వాసము, క్రియలు విడదీయరానివని చెప్పబడిన సత్యము కాలువ గట్టున ఈ రూపము ధరించింది.

అయితే గ్రంథములో కాలువ పనికి కర్త ఎల్లప్పుడును మిషనరీయే. మేస్త్రీలైన బోధకులు ఆయన చేతికి సహాయకులుగా కనబడతారు. వారు లేనిదే ఆ శిబిరము ఒక గుత్తేదారుని శిబిరముగానే మిగిలేదని గ్రంథములోని ఆధారములే తెలుపుచుండగా, గ్రంథము మాత్రము ఆ నిర్ధారణకు రాలేదు.

4. మూసిన తలుపు

కరువు సహాయము జరుగుచున్న కాలములో బాప్తిస్మము ఇవ్వరాదని క్లౌ దొరగారు నిశ్చయించారు. అడిగినవారు లేక కాదు, అడిగినవారు వేలమంది ఉన్నందుననే. అన్నము కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తెలియదు గనుక సహాయము ముగియువరకు ఆగవలెనని ఆయన తలంచారు. 1878లో సహాయము ముగిసిన తరువాత కూడ ప్రజలు వచ్చారు. తమకు డబ్బు సహాయము అక్కరలేదనియు, బాప్తిస్మము మాత్రమే కావలెననియు కోరారు. జూలై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3536 మంది బాప్తిస్మము పొందారు. 3వ తేదీన నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులవారీగా నిలిచి ఆ పని ముగించారు. క్లౌ దొరగారు ఆ దినమున స్వహస్తములతో బాప్తిస్మము ఇవ్వలేదు.

ఈ నిర్ణయము యొక్క బలమును తక్కువగా అంచనా వేయరాదు. 'అన్నపు క్రైస్తవులు' అను నింద నాటి నుండి నేటి వరకు వినబడుచునే ఉన్నది. 1967లో ఒడిశా, 1968లో మధ్యప్రదేశ్ మతస్వేచ్ఛ పేరిట చట్టములు చేసినది మొదలు ప్రలోభము అను మాట న్యాయస్థానముల భాషలోనికి కూడ ప్రవేశించింది. ఆ చట్టములకు తొంబది సంవత్సరముల ముందే, ఎవరును బలవంతపెట్టకుండగా, తన సేవకును తన సంఖ్యకును మధ్య తలుపు మూసికొన్న ఒక బాప్తిస్టు మిషను ఉన్నదనుట మన చరిత్రలో మిక్కిలి విలువైన సాక్ష్యము. విశ్వాసి స్వచ్ఛందముగా ఒప్పుకొనిన విశ్వాసముపైననే బాప్తిస్మము ఇవ్వబడవలెనను బాప్తిస్టు సిద్ధాంతమునకు ఇది ఆచరణ రూపము.

అయినను దైవశాస్త్రపరముగా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆకలిగొన్నవాని విశ్వాసమును ఆకలి తీరువరకు సందేహించుట న్యాయమా? యోహాను 6వ అధ్యాయములో ప్రభువు జనసమూహమునకు మొదట రొట్టెలు పంచి, తరువాత వారు రొట్టెల కొరకు తన్ను వెదకుచున్నారని మందలించారు. అయితే ఆ మందలింపును ముందుగా చెప్పి రొట్టెలను ఆపలేదు. అనుదినాహారము కొరకు ప్రార్థించుమని నేర్పినవాడును ఆయనే. పేదవాని ప్రార్థనలో అన్నము, దేవుడు ఒకే వాక్యములో కలిసి ఉండుట పాపము కాదు. ధనవంతుడు సంఘములో చేరినప్పుడు అతని ఉద్దేశములను మనము 15 నెలలు పరీక్షించము. కనుక తలుపు మూయుట సరియే గాని, అది పేదవాని హృదయముపై అనుమానముగా గాక, సహాయము చేయువాని అధికారముపై కట్టుబాటుగా అర్థము చేసికొనబడవలెను. ధాన్యము పంచే చేయి ఆ సమయమున సంఘప్రవేశమును కూడ పంచరాదు. గ్రంథము మొదటి కారణమునే నొక్కి చెప్పింది. మనము రెండవ కారణమును పట్టుకొనవలెను.

5. మూడు నియమములు: వెల ఎవరు చెల్లించారు?

తలుపు తెరువబడుటకు చాలా ముందే లోపలివారు వెల చెల్లించారు. ఎర్రగుంట్ల పేరయ్య దంపతులు 1866లో బాప్తిస్మము పొందారు. రాజయోగ మార్గములో గురువులను ఆశ్రయించి సత్యమును వెదకిన మాదిగ కులస్థుడు పేరయ్య. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో తాళ్ళకొండపాడు ప్రాంతమునకు క్లౌ దొరగారు వెళ్ళగా 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా ఉన్నారు. వారిని సిద్ధపరచినవాడు మిషనరీ కాదు, పేరయ్య. అప్పుడు కరువు లేదు, కాలువ లేదు, కూలి లేదు. ఆ సంఘము పుట్టుకకు అన్నము కారణము కాదనుటకు ఇంతకంటె బలమైన ఆధారము అవసరము లేదు.

కొత్త విశ్వాసులకు విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఇవి చూచుటకు భక్తి నియమములు. కాని పల్లెలో ఇవి ఆర్థిక నియమములు. మాదిగవాడు చచ్చిన పశువును మోసికొనిపోయి, తోలు తీసి, చెప్పులు, బానలు కుట్టి ఇచ్చి, పిలిచినప్పుడు వెట్టి చేసి, జాతరలో డప్పు కొట్టి, కళ్ళములో మేర పొందేవాడు. ఆదివారము రానన్నవాడు, అమ్మవారి కొలువులో డప్పు పట్టనన్నవాడు ఆ మేరను పోగొట్టుకొనవలసి వచ్చేది. పెద్దరైతుల ఆగ్రహమును సహించినది పాలెమే గాని మిషను బంగళా కాదు. గ్రంథము ఈ హింసలను వివరముగానే చెప్పింది. అయితే వాటిని విశ్వాసమునకు వచ్చిన పరీక్షలుగా చెప్పిందే గాని, ఆ విశ్వాసులు గ్రామ సమాజమునకు చేసిన సేవగా చెప్పలేదు. వెట్టికి ఒక దినము లేదనుట వెట్టి అంతటినీ ప్రశ్నించుటయే. ఆ ప్రశ్న వేసినవారు పల్లెకు మేలు చేశారు.

ఈ నియమములను గూర్చి మరొక కోణము కూడ ఉన్నది. 1980లలో రూపుదిద్దుకొన్న దళిత వేదాంతము, మిషనరీ క్రమశిక్షణలో దళిత సంస్కృతి ఏమి కోల్పోయిందని అడిగింది. డప్పును విగ్రహారాధనతో కలిపి త్రోసివేయుట అవసరమా? తమిళ దేశపు పరయల వాద్యమును ఆధారము చేసికొని సత్యనాథన్ క్లార్క్ 1998లో ప్రచురించిన 'దళిత్స్ అండ్ క్రిస్టియానిటీ' ఈ చర్చను లోతుగా సాగించింది. ఒంగోలు విశ్వాసులకు డప్పు దాస్యపు గుర్తు. వారి మనుమలకు అది గౌరవపు గుర్తు కావచ్చును. రెండును నిజములే. కాని నాటివారు దానిని విడిచినప్పుడు చెల్లించిన వెలను నేటి మన ప్రశ్న చిన్నది చేయరాదు.

స్త్రీల విషయములో గ్రంథపు లోపము మరింత స్పష్టము. పేరయ్య భార్య అతనితోపాటు బాప్తిస్మము పొందినది. ఆదివారపు పని మానినందున పోయిన మేరకు బదులు ఇంట పొయ్యి ఎట్లు వెలిగించవలెనో చూచుకొన్నవారు స్త్రీలు. 1899లో పాలెపు కథలను శ్రద్ధగా సేకరించిన రచయిత్రియే 1914లో ఒక గొప్ప పురుషుని కథ చెప్పుటకు పూనుకొన్నందున ఆ స్వరములు వెనుకబడ్డాయి.

6. నేటి పరిచర్యకు

1880ల ఆరంభము నాటికి ఒంగోలు సంఘ సభ్యత్వము 20,000 దాటింది. ప్రపంచములోని అతిపెద్ద బాప్తిస్టు సంఘమని దానికి పేరు వచ్చింది. అంతమందికి బోధించుటకు, కాపరిత్వము చేయుటకు తగినంతమంది కాపరులు లేరు. సేవ క్రమముగా పాఠశాలలు, ఆసుపత్రులు, బోర్డింగుల రూపములో సంస్థలలోనికి చేరింది. ఆ సంస్థలు తరతరములకు చదువును, ఆరోగ్యమును ఇచ్చినవి. అందుకు దేవునికి స్తోత్రము. కాని సేవ సంస్థది, విశ్వాసము సంఘముది అను విభజన కూడ అక్కడనే మొలకెత్తింది. పేరయ్య తరములో సేవ చేయువాడు విశ్వాసి. తరువాతి తరములలో సేవ చేయునది మిషను, పొందువాడు విశ్వాసి. నేడు అనేక సంఘములలో సేవ అనగా బయటి నిధులతో నడిచే ప్రాజెక్టు, లేదా ఎన్నికలలో పోటీపడే పదవి. ఆస్తుల వ్యాజ్యములకు వెచ్చించిన శ్రమ పాలెములో రోగిని చూచుటకు మిగులుటలేదు.

కాపరులును వేదాంత విద్యార్థులును ఒంగోలు కథను ప్రసంగించునప్పుడు మూడు విషయములను విడువరాదని ఈ విమర్శ కోరుచున్నది. ఒకటి, 2222తోపాటు ఆ 15 నెలలను కూడ చెప్పవలెను. వరద వచ్చినప్పుడు, 2020-21 నాటి కోవిడ్ వంటి విపత్తు వచ్చినప్పుడు, బియ్యము పంచిన జాబితాను సంఘ రిజిస్టరునకు దూరముగా ఉంచే ధైర్యము ఆ కథ నుండియే మనకు వస్తుంది. రెండు, సహాయమును కష్టమునకు తగిన గౌరవముతో ఇవ్వవలెను. పొందినవాని ముఖమును ఫోటోలో చూపి దాతకు పంపుట కాలువ గట్టున నేర్చుకొన్న పాఠము కాదు. మూడు, సేవ యొక్క కర్తను మార్చి చెప్పవలెను. నదిలో దిగినవారు ఆరుగురు తెలుగు బోధకులైనప్పుడు, మన వాక్యములలో కర్త ఇంకను దొరగారే ఎందుకు కావలెను?

క్లౌ దొరగారి గ్రంథము వందేళ్ళు దాటినను చదువదగినది. దానిని మెచ్చుకొనుటకు మాత్రమే చదివినచో మనకు ఒక వీరుడు దొరుకుతాడు. ప్రశ్నించుచు చదివినచో ఒక సంఘము దొరుకుతుంది. 1 కొరింథీయులకు వ్రాసిన మొదటి అధ్యాయములో అపొస్తలుడు ఎవరిని దేవుడు ఏర్పరచుకొన్నాడని చెప్పెనో, ఆ సంఘము వారిదే. వారి విశ్వాసము సేవను పుట్టించినది గాని, ఎవరి సేవయో వారి విశ్వాసమును కొనలేదు. ఈ క్రమమును తలక్రిందులు చేయని పరిచర్యయే వారి వారసత్వమునకు తగినది.