ఓవర్‌క్లాకింగ్: తెల్లవార్లూ సాగే పరీక్ష

1998 ఆగస్టు 24న ఇంటెల్ రెండు ప్రాసెసర్లను ఒకేసారి మార్కెట్లోకి దించింది. ఒకటి 450 మెగాహెర్ట్జ్ పెంటియం-2, ధర 669 డాలర్లు. రెండోది సెలెరాన్ 300ఎ, ధర 149 డాలర్లు. డబ్బున్నవాళ్లకి మొదటిది, లేనివాళ్లకి రెండోది అన్నది కంపెనీ లెక్క. కొద్ది వారాల్లోనే ఆ లెక్క తారుమారైంది. చవక సెలెరాన్ కొన్న కుర్రాళ్లు దాన్ని 450 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపిస్తున్నారు. చాలా పనుల్లో అది ఖరీదైన చిప్‌తో సమానంగా నిలుస్తోంది.

ఇందులో మాయమంత్రం లేదు, గుణకారమే. ప్రాసెసర్ వేగమంటే మదర్‌బోర్డు ఇచ్చే బస్ వేగాన్ని చిప్‌లోని మల్టిప్లయర్‌తో గుణించగా వచ్చేది. సెలెరాన్‌లో మల్టిప్లయర్‌ని ఇంటెల్ 4.5 దగ్గర బిగించేసింది. నెమ్మది చిప్‌ల మీద పెద్ద నంబరు ముద్రించి అమ్మే మోసగాళ్లను కట్టడి చేయడానికే ఆ తాళం అని అప్పట్లో చెప్పింది. కానీ బస్‌కు తాళం లేదు. 66ను 4.5తో గుణిస్తే దాదాపు 300, 100ను గుణిస్తే 450. అబిట్ బీహెచ్6 లాంటి బోర్డుల్లో బయోస్‌లోకి వెళ్లి అంకె మార్చితే సరిపోయేది. అలాంటి బోర్డు లేనివాళ్లు ప్రాసెసర్ కార్డు అంచున బి21 అనే ఒక్క కాంటాక్టు మీద సన్నని టేపు ముక్క అంటించేవారు. దాంతో బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ బస్ మీద నడవాల్సిన చిప్ అనుకునేది. రెండేళ్ల తర్వాత ఏఎండీ అథ్లాన్ వంతు వచ్చింది. దాని పైభాగంలో లేజర్‌తో తెంచిన ఎల్1 అనే చిన్న వంతెనలను మామూలు పెన్సిల్‌తో గీసి కలిపేవారు. పెన్సిల్‌లోని గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కాబట్టి మల్టిప్లయర్ తాళం తెరుచుకునేది.

అసలు చిప్‌లో ఆ అదనపు శక్తి ఎక్కడిది? ఒకే సిలికాన్ పలక మీద తయారైన చిప్‌లన్నీ ఒకేలా రావు. ఫ్యాక్టరీలో వాటిని పరీక్షించి వేగాల వారీగా విడదీస్తారు. అయితే మార్కెట్ చవక రకాన్ని ఎక్కువగా అడిగినప్పుడు, పై వేగానికి పనికొచ్చే చిప్‌ మీద కూడా కింది నంబరే పడుతుంది. సెలెరాన్ 300ఎకి మరో అనుకూలత ఉంది. పెంటియం-2లో 512 కిలోబైట్ల క్యాష్ మెమరీ విడి చిప్‌లలో ఉండి సగం వేగంతో నడిచేది. సెలెరాన్‌లో 128 కిలోబైట్లే అయినా ప్రాసెసర్‌లోనే ఇమిడిపోయి పూర్తి వేగంతో నడిచేది. వెనక్కి లాగే విడి భాగం లేకపోవడంతో అది అంత దూరం వెళ్లగలిగింది.

ఇలా చిప్‌ను కంపెనీ చెప్పిన వేగం దాటించడమే ఓవర్‌క్లాకింగ్. వేగం పెంచడానికి నిమిషం చాలు. ఆ వేగం దగ్గర యంత్రం తప్పు చేయడం లేదని రుజువు చేసుకోవడానికే రోజులు పడతాయి. ఓవర్‌క్లాకర్ల నైపుణ్యమంతా ఉన్నది ఆ రుజువులోనే.

ప్రాసెసర్‌లో ప్రతి క్లాక్ దెబ్బకూ కోట్ల ట్రాన్సిస్టర్లు స్థితి మార్చుకుని, తర్వాతి దెబ్బ పడేలోగా కుదురుకోవాలి. కచేరీలో మృదంగం కాలం పెంచుతూ పోతే ఒక దశ దాటాక గాయకుడు అక్షరాలు మింగేసినట్టే, క్లాక్ మరీ వేగమైతే ఎక్కడో ఒక సంకేతం ఆలస్యమవుతుంది. ఒకటి రావాల్సిన చోట సున్నా పడుతుంది. ఆ తప్పు ముఖ్యమైన చోట పడితే విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతుంది. అది నయం, ఏదో జరిగిందని తెలుస్తుంది. తప్పు ఏ ఫైల్లోనో పడి, చప్పుడు లేకుండా డిస్క్ మీదికి చేరితే మాత్రం నెలల తర్వాత ఫొటో తెరుచుకోనప్పుడు గానీ బయటపడదు.

సంకేతాన్ని త్వరగా కుదురుకునేలా చేసే మందు వోల్టేజీ. కానీ ఆ మందుకు ఖరీదు ఎక్కువ. చిప్ పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్ శక్తి వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గం చొప్పున పెరుగుతుంది. 2011 జనవరిలో వచ్చిన కోర్ ఐ7-2600కె సంగతే చూద్దాం. ఇంటెల్ తాళం తీసి అమ్మిన ఈ ‘కె’ రకం చిప్ మీద ఒక తరం ఓవర్‌క్లాకర్లు పని నేర్చుకున్నారు. దాన్ని 3.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.5కి తీసుకెళ్తూ వోల్టేజీని 1.20 నుంచి 1.35కి పెంచారనుకుంటే, వేగం పెరిగింది 32 శాతం. వేడి పెరిగేది దాదాపు 67 శాతం. అందుకే పెద్ద హీట్ సింక్, మంచి థర్మల్ పేస్ట్, గాలి సాఫీగా ఆడే క్యాబినెట్ లేకుండా ఈ పనికి దిగకూడదు.

2600కెతో పద్ధతి స్థిరపడింది. అంతకు ముందులా బస్ జోలికి పోవడం లేదు, ఎందుకంటే 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్ మీదే మిగతా భాగాలూ ఆధారపడి ఉన్నాయి. దాన్ని కొద్ది శాతం కదిలించినా తేడాలొస్తాయి. కాబట్టి మల్టిప్లయర్‌నే ఒక్కో మెట్టు ఎక్కించాలి. 40, 41, 42... ప్రతి మెట్టు దగ్గరా కాసేపు పరీక్ష. ఆగిపోతే వోల్టేజీ కొంచెం పెంచి మళ్లీ పరీక్ష. ఒకసారి ఒక్క సెట్టింగే మార్చాలి, మార్చింది రాసి పెట్టుకోవాలి. ర్యామ్ వేగాన్నీ ప్రాసెసర్ వేగాన్నీ కలిపి పెంచేసినవాళ్లకు, యంత్రం ఆగినప్పుడు తప్పు ఎవరిదో తేల్చుకునే దారి ఉండదు.

పరీక్షకు ఎక్కువగా వాడే ప్రోగ్రాం ప్రైమ్95. దీని పుట్టుకే వేరు. మెర్సెన్ ప్రధాన సంఖ్యల (2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల) వేట కోసం 1996లో జార్జ్ వోల్ట్‌మన్ దీన్ని తయారు చేశారు. ఒక్కో సంఖ్యను తేల్చడానికి వారాల తరబడి లెక్క సాగేది. మధ్యలో ఒక్క బిట్ తారుమారైతే మొత్తం శ్రమ వృథా. అందుకే యంత్రాన్ని నమ్మవచ్చో లేదో చూసుకోవడానికి అందులో టార్చర్ టెస్ట్ పెట్టారు. జవాబు ముందే తెలిసిన లెక్కలను చేయించి సరిచూడటమే దాని పని. లెక్కలో వచ్చే భిన్నాలు పూర్ణాంకానికి దగ్గరగా ఉండాలి. 0.4 లోపు ఉండాల్సిన తేడా 0.5 వచ్చిందని తెర మీద ఎర్రర్ పడి ఒక కోర్ పని ఆపేసిందంటే, ఆ చిప్ ఆ వోల్టేజీ దగ్గర ఆ వేగాన్ని మోయలేదన్నమాట. మిగతా కంప్యూటర్ చక్కగా నడుస్తూనే ఉంటుంది, మౌస్ కదులుతుంది, పాటలు వస్తాయి. అక్కడే చాలామంది మోసపోతారు.

ఈ ప్రోగ్రాం నిఘా ఎంత గట్టిదంటే, 2016 జనవరిలో ఓవర్‌క్లాక్ చేయని స్కైలేక్ ప్రాసెసర్లు కూడా 14,942,209 అనే ఘాతాంకం దగ్గర ఆగిపోతున్నాయని దీనితోనే బయటపడింది. లోపం తమ చిప్‌దేనని ఇంటెల్ ఒప్పుకుని బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది.

ఎంతసేపు నడిపితే చాలన్నది తెగని వాదన. గంట చాలని కొందరు, 24 గంటలు కావాలని కొందరు అంటారు. ఆటలకు మాత్రమే వాడే యంత్రమైతే గంటతో సరిపెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ల ఫొటోలు, ఆఫీసు లెక్కలు అందులో ఉంటే తెల్లవార్లూ నడపాల్సిందే. ర్యామ్‌కు విడిగా మెమ్‌టెస్ట్86 పెట్టాలి. విండోస్ ఈవెంట్ లాగ్‌లో వీయా-లాగర్ పేరుతో హెచ్చరికలు పడ్డాయేమో చూడాలి. చిప్ తనంతట తాను సరిదిద్దుకున్న తప్పులు కూడా అక్కడ నమోదవుతాయి.

పనిభారం ఒక్కసారిగా మీద పడినప్పుడు ప్రాసెసర్‌కు అందే వోల్టేజీ కొంత కిందికి జారుతుంది. దాన్ని పూడ్చడానికి బయోస్‌లో లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని చివరి మెట్టు దాకా తోస్తే పరీక్ష నెగ్గుతుంది గానీ, భారం దిగిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగిరి చిప్‌ను కొడుతుంది. మధ్య మెట్టు దగ్గర ఆపి, కొద్దిపాటి జారుడును భరించడమే మేలు.

తెలుగునాట ఈ పని చేసేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో భాగాలు కొని జనవరిలో పీసీ బిగించి, 22 డిగ్రీల గదిలో పరీక్షించినవారికి చిప్ 80 డిగ్రీల దగ్గర నిలిచిందనుకుందాం. మే నెలలో ఏసీ లేని గది 38కి చేరితే చిప్ కూడా దాదాపు అంతే పైకి, 96 దాకా పోతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. చలికాలంలో నెగ్గిన సెట్టింగ్‌ను ఎండాకాలంలో మళ్లీ పరీక్షించక తప్పదు.

రికార్డుల లోకం దీనికి పూర్తిగా భిన్నం. 2022 డిసెంబరులో స్వీడన్‌కు చెందిన ఎల్మోర్ అనే ఓవర్‌క్లాకర్ ద్రవ హీలియం పోసి కోర్ ఐ9-13900కెని మొదటిసారి 9 గిగాహెర్ట్జ్ దాటించాడు. అలాంటి ప్రయత్నంలో అంకె నమోదయ్యేంతసేపు చిప్ బతికుంటే చాలు. రోజూ వాడే యంత్రంలో చిప్ ఏళ్ల తరబడి మన్నాలి. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి కలిసి చిప్‌లోని లోహపు తీగల అణువులను మెల్లగా జరిపేస్తాయి. అలా తరిగే ఆయుష్షును లెక్కకట్టే సూత్రాన్ని 1969లోనే మోటరోలా శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఇచ్చారు. అతి వోల్టేజీ కీడు ఇంటెల్‌కే 2024లో అనుభవానికి వచ్చింది. 13, 14 తరాల ప్రాసెసర్లు అవసరానికి మించి వోల్టేజీ అడిగి దెబ్బతింటున్నాయని తేలడంతో, ఆగస్టులో మైక్రోకోడ్ మార్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

ఇప్పటి చిప్‌లలో కొసరు తక్కువ. ఫ్యాక్టరీయే టర్బో పేరుతో అంచుదాకా నడిపేస్తోంది. దాంతో ఈ విద్య దిశ మార్చుకుంది. వేగం పెంచడానికి బదులు వోల్టేజీ తగ్గిస్తున్నారు. ఏఎండీ రైజెన్ 5000 చిప్‌లతో వచ్చిన కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో కోర్‌కు విడివిడిగా మెట్లు దించవచ్చు, మెట్టుకు సుమారు మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే చిప్ తనంతట తానే ఇంకొంచెం వేగంగా నడుస్తుంది. చిక్కేమిటంటే, ఇక్కడ తప్పులు పూర్తి భారం కింద పెద్దగా రావు. కోర్లన్నీ పనిలో ఉన్నప్పుడు గట్టిగా నిలిచిన యంత్రం, ఏ పనీ లేక ఒకే కోర్ క్షణకాలం గరిష్ఠ వేగానికి ఎగిరినప్పుడు రీస్టార్ట్ అవుతుంది. అందుకే కోర్‌సైక్లర్ లాంటి ప్రోగ్రాంతో ప్రైమ్95ను ఒక్కో కోర్ మీద వంతులవారీగా నడుపుతారు. తప్పిన కోర్ ఏదో లాగ్‌లో చూసి, దాన్ని మైనస్ 25 నుంచి మైనస్ 20కి తెచ్చి, ఆ రాత్రికి మళ్లీ పరీక్షకు పెడతారు.