వీరుడికి ఓటు ఎందుకు?

మా మన్యంలో ఎన్నికలు వచ్చాయంటే ముందు విగ్రహాలకు దండలు పడతాయి. పోరాడిన వాళ్ల పేరు పలికితే చాలు, ఏలే అర్హత దానంతటదే వచ్చేస్తుందన్నట్టు నాయకులు మాట్లాడతారు. ఈ మాట ఎంతవరకు నిజమో చూడాలంటే మాకు గాం మల్లుదొర గుర్తొస్తారు.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లిన అల్లూరి దళంలో గంటందొర, మల్లుదొర సోదరులు ముఖ్యులు. 1924లో గంటందొర కాల్పుల్లో ప్రాణం విడిచారు. మల్లుదొర పట్టుబడి జైలు పాలయ్యారు. అదే మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' సినిమాను టీవీలో చూస్తూ పెరిగాం మేము. అందులో కథ అల్లూరి మరణంతో ముగుస్తుంది. తుపాకీ దించాక బతికిన మనిషికి అలాంటి కథల్లో చోటుండదు.

దళంలో నాయకుడు ఆజ్ఞ ఇస్తే ఎందుకని అడగకూడదు. అడిగితే ప్రాణాలు పోతాయి. సభలో అలా కాదు. అక్కడ నాయకుణ్ణి జనం అడగాలి, ఆయన జవాబు చెప్పాలి. దాడికి రహస్యం కావాలి, చట్టానికి నలుగురిలో చర్చ కావాలి. పోడును అడ్డుకున్నది 1882 మద్రాసు అటవీ చట్టం, అంటే కాగితమే. గిరిజనేతరులకు భూమి పోకుండా కట్టుదిట్టం చేసిన 1/70 కూడా కాగితమే. ఏజెన్సీ భూముల్లో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పింది. ఆ గెలుపుకు తుపాకీ అవసరం పడలేదు.

అలాగని ధైర్యం అక్కరలేదనడం లేదు. సొంత పార్టీ ముందు 'కాదు' అనడానికీ గుండె కావాలి. అయితే మల్లుదొరకు అసలు అర్హత తుపాకీ పట్టడం వల్ల వచ్చిందని మేము అనుకోం. పోడు ఆగితే ఇంట్లో ఏమవుతుందో, గూడెం తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి చాలీచాలని కూలి ఇచ్చి చేయించిన చాకిరీ ఎలాంటిదో ఆయనకు తెలుసు. ఆ తెలివిడి విగ్రహానికి దండ వేసినంత మాత్రాన రాదు.

అందుకే వీరుల పేరుతో వచ్చేవారిని మన ఊళ్లలో మూడు ప్రశ్నలు అడగాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద మన పోడు పట్టాల సంగతి ఏం చేశారు? 1/70 ని సడలించాలంటే ఏ వైపు చేయెత్తుతారు? మా గ్రామసభ వద్దన్న గనిని మీరూ వద్దంటారా?