కోట తిరిగినవాళ్లు, కోటలో పాడినవాళ్లు

ఓరుగంటి కోటకు పోయినవాళ్లంతా తోరణాల దగ్గర ఫోటో దిగి వస్తారు. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు నిలబడే ఉన్నయి. నడుమనున్న స్వయంభూ శివాలయం కూలిపోయింది. విరిగిన స్తంభాలు, శిల్పాలు నేలమీద పరిచి ఉన్నయి. 1323లో ఉలుగ్ ఖాన్ సైన్యం కోటను పట్టుకుంది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. చూడవచ్చినవాళ్లకు చెప్పే చరిత్ర ఇంతే: మనకొక మహానగరం ఉండేది, పరాయివాళ్లు కూలగొట్టారు. ఈ ‘మనకు’ అనే మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు? ఈ ప్రశ్న లేకుండా కోట తిరగడమంటే రాజుగారి వెనక నడవడమే.

గోడలనే చూద్దాం. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను రుద్రమదేవి కాలంలో ఎత్తు పెంచారు. దానికి 45 బురుజులు. చుట్టూ కందకం, ఆవల మట్టికోట. 1309–10 ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టితనాన్ని ప్రత్యేకంగా చెప్పాడు. శత్రువుల కవి కూడా మెచ్చిన మట్టి అది. ఆ మట్టి తవ్విందెవరు, తట్టలెత్తిందెవరు? శాసనాలు దానమిచ్చినవాళ్ల పేర్లు చెప్తయి, మోసినవాళ్ల పేర్లు చెప్పవు. కాకతీయుల శాసనాలు కొన్ని తమది చతుర్థకులమంటాయి, కొన్ని సూర్యవంశమంటాయి. శూద్రులు రాజ్యమేలారని గర్వపడే మిత్రులున్నారు. పడవచ్చు. కానీ రాజు కులం ఏదైనా తట్ట మోసేవాళ్ల నెత్తిమీది బరువు తగ్గదు.

శాసనం చెప్పనిది కావ్యం చెప్తుందేమో చూద్దాం. వినుకొండ వల్లభరాయుని పేర ఉన్న ‘క్రీడాభిరామం’ (శ్రీనాథునిదే అన్నవాళ్లూ ఉన్నారు) ఓరుగంటి వీధుల్లో ఒక రోజు షికారు. మంచన శర్మ బ్రాహ్మడు, టిట్టిభసెట్టి కోమటి. ఇద్దరు స్నేహితులు పూటకూళ్లిల్లు, కోడిపందేలు, వేశ్యవాడ అన్నీ చూస్తూ పోతారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన సురవరం ప్రతాపరెడ్డి దీన్ని బాగా వాడుకున్నారు. సంఘానికి అద్దమని దీన్ని మెచ్చుకుంటుంటారు. అద్దమే, కాదనను. అద్దం పట్టుకున్న చెయ్యి ఎవరిదో కూడా చూడాలి కదా!

ఆ షికారులో ఒకచోట ఏకవీరాదేవి ఎదుట బవనీల గాయకుడు పరశురాముని కథలు పాడుతుంటాడు. కవి అతని నేర్పును గొప్పగా మెచ్చుకున్నాడు. మెచ్చుకొని పక్క వీధికి పోయాడు. అతను ఏ వాడ నుంచి వచ్చాడు, పాట అయినంక ఎక్కడ కూచొని తిన్నడు అన్నది షికారుగాళ్లకు పట్టదు. పాటగాడు కావ్యంలోకొచ్చాడు, పాట రాలేదు.

నాకు ఈ పద్యం చెప్పిన సారు, బవనీలంటే ‘ఒక తెగ గాయకులు’ అని దాటేశారు. బవనీలంటే నేటి బైండ్లవాళ్లేనని పరిశోధకులు గుర్తించారు. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నవాళ్లే. మా వాడలో ఎల్లమ్మ పండుగకు జమిడిక వాయిస్తూ రాత్రంతా కథ చెప్పే బైండ్లాయన వాళ్లలోనివాడే. ఆ మాట క్లాసులో లేచి చెప్పడానికి ఆనాడు నాకు నోరు రాలేదు. ఇంట్ల విన్నది చదువు కాదని నేనూ నమ్మిన.

ఆ కథ ఏమిటి? జమదగ్ని మాట విని పరశురాముడు తల్లి రేణుక తల నరుకుతాడు. ఊరూరికి తేడాలున్నా, చాలాచోట్ల చెప్పేదాంట్లో మాతంగి తల కూడా తెగుతుంది. తిరిగి బతికించేటప్పుడు తలలు మారిపోతయి. తండ్రీకొడుకుల కోపంతో మాతంగికి ఏం పని? ఏ తప్పూ లేకుండా ఆమె తల ఎందుకు తెగాలి? ఈ ప్రశ్న వాడల్లో రాత్రిపూట జమిడిక మీద వినబడుతూనే ఉంది. ఆనాటి బవనీల గాయకుడు ఇదే వరుసలో పాడాడని నేను అనను. పాటను వదిలేసి పాటగాణ్ణి మాత్రమే వర్ణించిన కావ్యాన్ని సంపూర్ణమైన సాక్ష్యమని కూడా ఒప్పుకోను. విరిగిన గుడికి ఏడ్చే చరిత్రలో తెగిన మాతంగి తలకు చోటు లేదు.

2014లో ఓరుగంటి తోరణం తెలంగాణ రాజముద్ర మీదికెక్కింది. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. మంచిదే. రాళ్లను కాపాడాల్సిందే. ఓరుగంటికి దగ్గరలో మొగిలిచర్లలో ఏకవీర గుడి ఇప్పటికీ ఉంది. తోరణం దగ్గర ఫోటో దిగినవాళ్లలో అక్కడిదాకా పోయేదెందరు? జమిడిక మాత్రం దాన్ని పట్టినవాళ్ల చేతుల మీదనే బతకాలె.

కోట చూడొద్దని కాదు నా మాట. మంచన శర్మ, టిట్టిభసెట్టి కళ్లతో చాలాకాలం చూసినం, ఇక చాలు. బైండ్ల కథల్ని విని, రాసుకొని, క్రీడాభిరామం పక్కన పెట్టి చదవడం దళిత పరిశోధకులుగా మన పని. రాసేటప్పుడు ‘ఒక గాయకుడు’ అని రాయొద్దు. పాడినవాళ్ల పేరు, ఊరు, వాడ రాయాలి. శాసనాలు చేసిన తప్పు మనం చేయగూడదు.