గాంధారి నేతికుండలు – ‘టెస్ట్‌ట్యూబ్’ వ్యాఖ్యానం

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ నాటి ఉపకులపతి కౌరవుల జననాన్ని టెస్ట్‌ట్యూబ్ పరిజ్ఞానానికి నిదర్శనంగా పేర్కొన్నారు. ఆదిపర్వ కథను నిదానంగా చదివితే ఈ పోలిక నిలవదు. ఐ.వి.ఎఫ్. పద్ధతిలో అండానికీ శుక్రకణానికీ సంయోగం దేహం వెలుపల జరుగుతుంది. ఏర్పడిన పిండాన్ని కొద్దిరోజులకే గర్భాశయంలో ప్రవేశపెడతారు. గాంధారి విషయంలో ఈ క్రమం తలకిందులు: గర్భధారణ లోపల, ఎదుగుదల నేతికుండల్లో. అండాలను శీతలీకరించి దాచుకొనే పద్ధతి ఈ కథకు మరింత దూరం. అందులో భద్రపరిచేది ఫలదీకరణ చెందని అండాన్ని. (మాంసపిండంపై చన్నీళ్లు చల్లమని వ్యాసుడు చెప్పాడు కాబట్టి అదీ ఇదేననేవారు రేపు రాకపోరు.)

సాంకేతికమైన ఈ పొరపాటు కన్నా పఠనానికి జరిగిన నష్టం పెద్దది. వ్యాసభారతంలో గాంధారి రెండేళ్లు గర్భం మోసింది. కుంతికి కొడుకు పుట్టాడని విని, భర్తకు తెలియకుండా తన కడుపును తానే మోదుకొంది. తోడికోడలితో పోటీ, వారసత్వ చింత, నూర్గురు కొడుకులన్న వరం బరువు ఈ ఘట్టానికి ఆయువుపట్లు. హార్మోన్ ఇంజెక్షన్లు, అండసేకరణ, ఫలించని ప్రయత్నాల నడుమ రోజులు లెక్కపెట్టుకొనే నేటి స్త్రీకి ఈ కథ పరిచితంగా తోచేది ఇక్కడే. ‘టెస్ట్‌ట్యూబ్’ వ్యాఖ్యానం కుండలను మిగుల్చుకొని గాంధారిని వదిలివేసింది. ప్రచలిత ప్రతుల్లో ఆమె తనకొక కూతురు కూడా ఉంటే బాగుండునని మనసులో కోరుకొంటుంది. నూటొకటో ఖండం నుంచి దుశ్శల పుడుతుంది. వరంలో లేని ఆ కోరికకు ఈ పోలికలో చోటే లేదు.