‘లీ’లో దాగిన ఒళ్లు

స్లోలీ, క్లియర్లీ, బ్రేవ్లీ. ‘లీ అంటే గా’ అని బడిలో వల్లెవేసి ముందుకు సాగిపోతాం. కాసేపు ఆగి చూడదగ్గ పనితనం ఆ ఒక్క అక్షరంలో ఉంది.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో ‘లీచ్’ అంటే శరీరం, శవం కూడా. జర్మన్లు శవాన్ని ఇప్పటికీ ‘లైఖె’ అంటారు. ఇంగ్లండ్ పల్లెల్లో శవపేటికతో వచ్చినవాళ్లు పాదిరి కోసం ఆగే, పైకప్పున్న చర్చి వాకిలి పేరు ‘లిచ్‌గేట్’. ఒళ్లు అనే అర్థం ఆకారంగా, ఆకారం పోలికగా మారింది. ‘ఫ్రెండ్లీ’ అంటే మొదట్లో స్నేహితుడి రూపం గలది అనే.

అప్పట్లో విశేషణానికి ‘లిచ్’, క్రియావిశేషణానికి చివర ఒక అచ్చు చేర్చి ‘లీచె’ వాడేవారు. కాలక్రమంలో ఆ అచ్చూ పోయింది, ‘చ’కారమూ పోయింది. రెండూ ‘లీ’ అయి కూర్చున్నాయి. ఫ్రెండ్లీ విశేషణం, స్లోలీ క్రియావిశేషణం కావడం అందుకే. పిల్లలు తికమకపడితే తప్పు పిల్లలది కాదు!

విచ్, సచ్, ఈచ్ అనే మాటల్లోనూ ఇదే ‘లిచ్’ ఉంది. ‘సచ్’ పాత రూపం ‘స్విల్చ్’. ‘ల’కారం అరిగిపోయి ‘చ్’ మిగిలింది. అంటే ‘స్లోలీ’లో పోయిన ముక్క ‘సచ్’లో నిలిచింది, ‘సచ్’లో పోయింది ‘స్లోలీ’లో నిలిచింది.

స్పానిష్‌వాళ్లు ఇదే పనికి లాటిన్ ‘మనసు’ను తెచ్చుకున్నారు. ‘లెంతమెంతె’ అంటే నెమ్మదిగా. అసలు అర్థం నెమ్మదైన మనసుతో. లాటిన్‌లో మనసు స్త్రీలింగం కాబట్టి ‘లెంతొ’ అక్కడ ‘లెంత’ అయింది. ఆ లింగభేదం నేటికీ చెరగలేదు. మన ‘గా’ మాత్రం ‘అగు’ అనే క్రియ నుంచి వచ్చింది. ఒకరు ఒంటిని, ఒకరు మనసును వాడుకుంటే మనం కావడాన్ని వాడుకున్నాం.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న మాట ‘లైక్లీ’. పోలికను చెప్పే ‘లైక్’ కూడా ఆ శరీరం నుంచి పుట్టినదే. దానికి మళ్లీ ‘లీ’ తగిలించారు. ఒకే మాటను రెండుసార్లు పేర్చి ‘బహుశా జరగవచ్చు’ అనే కొత్త అర్థం రాబట్టారు. అతుకు ఎక్కడుందో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లలో చాలామందికి తెలియదు. అంత నున్నగా కుదిరింది.